కళ్ళకి హంగులు, చేతికి సెట్టింగులు: డెస్క్‌టాప్ డిజైన్‌లో ఈ రెండిటి ఖర్చు ఎవరిది

ఒక విండోని మినిమైజ్ కొడితే అది టక్కున మాయమైపోయింది అనుకోండి. కంప్యూటర్‌కి బాగా అలవాటుపడ్డవాళ్ళకి అది కింద టాస్క్‌బార్‌లో ఉంటుందని తెలుసు, కొత్తగా ముట్టుకున్నవాళ్ళు మాత్రం అయ్యో పోయింది, రాసిందంతా పోయింది అని కంగారు పడిపోతారు. అదే విండో చిన్నదవుతూ కిందకి జారి ఒక ఐకాన్ దగ్గర ఆగితే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, కళ్ళే దాని వెంట వెళ్ళి చూసుకుంటాయి. 2001లో మాక్ ఓఎస్ టెన్ వచ్చినప్పుడు జీనీ ఎఫెక్ట్ అని ఒకటి పెట్టారు, పొగ సీసాలోకి దూరినట్టు విండో డాక్‌లోకి, అంటే కింద ఉండే ఐకాన్ల వరసలోకి దూరిపోయేది, చాలామంది దాన్ని షోకు కిందే లెక్కేశారు. షోకు ఉంది, నిజమే. కానీ దాని లోపల ఒక కబురు కూడా ఉంది: నీ విండో ఎక్కడికీ పోలేదు, ఇదిగో ఇక్కడుంది అని.

ఇంకో ఎఫెక్ట్ ఉంది, విండోని పట్టుకుని లాగుతుంటే తడిగుడ్డలా ఊగుతూ రావడం. చూడ్డానికి భలే సరదాగా ఉంటుంది కానీ అది మోసుకొచ్చే కబురు దాదాపు ఏమీ లేదు, విండో చేతి వెంట వస్తోందని మామూలుగా లాగినా తెలుస్తుంది కదా. ఈ రెండిటినీ ఒకే గంపలో వేసి విజువల్ ఎఫెక్ట్స్ అని పేరు పెట్టేశాక, కొందరేమో అంతా పైన పటారం లోన లొటారం, తీసిపారెయ్యండి అంటారు, కొందరేమో ఇంత అందంగా ఉంటే మీకొచ్చిన నష్టమేంటి అంటారు. ఇటు సెట్టింగుల విషయంలో కూడా సేమ్ ఇలాంటి గొడవే, అన్నీ మార్చుకునే వీలుండాలి అనేవాళ్ళు ఒక పక్క, ఇన్ని బటన్లు చూస్తే తల తిరుగుతోంది అనేవాళ్ళు ఇంకో పక్క. కాస్త లోపలికి వెళ్ళి చూస్తే ఈ రెండు గొడవలకీ అడగాల్సిన ప్రశ్నలు ఒకటే. ఇది వాడేవాళ్ళకి ఏం చేసిపెడుతోంది? దీని ఖర్చు ఎవరు కడుతున్నారు?

ముందు ఎఫెక్ట్ ఖర్చు చూద్దాం, ఎందుకంటే దీని మీద ఉన్న అపోహలు చాలావరకు పాతకాలం నాటివి.

ఒకప్పుడు ప్రతి ప్రోగ్రామూ నేరుగా స్క్రీన్ మీదే గీసేది. అంటే ఒకే పలక మీద పదిమంది రాయడం అన్నమాట, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తుడిచేస్తే, మొదటివాళ్ళని పిలిచి బాబూ మళ్ళీ రాయి అని చెప్పాలి. ఆ ప్రోగ్రాం హ్యాంగ్ అయ్యి పలక్కపోతే, దాని మీదుగా లాగిన విండో మరకలు మరకలుగా స్క్రీన్ అంతా మిగిలిపోయేది, పాత విండోస్ వాడినవాళ్ళందరికీ ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. కంపోజిటింగ్ వచ్చాక ఎవరి కాగితం వాళ్ళకి ఇచ్చేశారు. ప్రతి విండో తన బొమ్మని మెమరీలో విడిగా గీసుకుంటుంది, కంపోజిటర్ అనే ప్రోగ్రాం ఆ కాగితాలన్నీ తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి స్క్రీన్‌కి పంపిస్తుంది. మాక్‌లో 2002లో వచ్చిన 10.2తో ఈ పేర్చే పని గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెప్పారు, లినక్స్‌లో 2006లో కాంపిజ్ అనే కంపోజిటర్ వచ్చింది, 2007 మొదట్లో విస్టాతో విండోస్‌కి ఏరో గ్లాస్ అనే గాజులాంటి రూపం వచ్చింది. కాగితాలు విడివిడిగా చేతిలో ఉన్నాక వాటిని పారదర్శకంగా చెయ్యడం, చిన్నవి చెయ్యడం, వంచడం, క్యూబ్ మీద అతికించి తిప్పడం అన్నీ పెద్ద కష్టం కాని పనులైపోయాయి. ఆ నాలుగైదేళ్ళలో ఎఫెక్ట్స్ వరదలా వచ్చింది అందుకే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే విండోస్ 8 నుంచి ఈ కంపోజిటింగ్‌ని ఆపే వీలే లేదు, లినక్స్‌లో వేలాండ్ (విండోలని తెర మీద చూపించే కొత్త పద్ధతి) మీద నడిచే డెస్క్‌టాప్‌లలో కూడా అంతే. అంటే ఎఫెక్ట్స్ అన్నీ ఆపేస్తే సిస్టం రాకెట్ అయిపోతుంది అనే నమ్మకానికి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు, అసలు ఖర్చు ఎలాగూ కట్టేస్తున్నాం, నీడలు, గుండ్రటి మూలలు లాంటివి దాని పైన చిల్లర ఖర్చు. అయితే అన్నీ చిల్లర ఖర్చులే అనుకుంటే అదీ పొరపాటే.

లెక్క వేస్తే, 4కే స్క్రీన్ అంటే 3840 ఇంటూ 2160, మొత్తం 82,94,400 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకున్నా ఒక్క ఫుల్ స్క్రీన్ బొమ్మ సుమారు 33 ఎంబీ. సెకనుకి 60 సార్లు ఆ బొమ్మని ఒక్కసారి తిరగరాస్తేనే దాదాపు 2 జీబీ డేటా కదులుతుంది. నీడ అంటే ముందే గీసి పెట్టుకున్న బొమ్మని పక్కన అతికించడమే, దానికి పెద్ద పనుండదు. బ్లర్ అలా కాదు, ఒక్కో పిక్సెల్ రంగు తేల్చడానికి దాని చుట్టుపక్కల పిక్సెల్స్ బోలెడన్ని చదవాలి, పైగా కింద ఏది మారినా ఆ లెక్క అంతా మళ్ళీ మొదటికొస్తుంది. పారదర్శకమైన ప్యానెల్ కింద ఒక వీడియో ఆడుతోందంటే ప్రతి ఫ్రేమ్‌కీ బ్లర్ మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సిందే. కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లోని కేవిన్ కంపోజిటర్ ఈ భారం తగ్గించడానికి బొమ్మని సగం సగం చేసుకుంటూ చిన్నది చేసి, అక్కడ మసక చేసి, మళ్ళీ దశలవారీగా పెద్దది చేసే పద్ధతి వాడుతుంది. 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు మారే స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైము 16.7 మిల్లీ సెకన్లు, 144 హెర్ట్జ్ అయితే 7 మిల్లీ సెకన్లు కూడా ఉండదు. ఆ గడువు ఒక్కసారి తప్పినా కన్ను పట్టేస్తుంది, అందంగా ఉండాలని పెట్టిన ఎఫెక్టే కుదుపుగా కనిపిస్తుంది. కుదుపుతో నడిచే యానిమేషన్ కంటే అసలు యానిమేషన్ లేకపోవడమే నయం, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

విండోస్ 11లో మైకా అనే విండో నేపథ్యం ఈ విషయంలో బాగా ఆలోచించి చేసిన పని. దాని ముందు 2017లో వచ్చిన అక్రిలిక్ అనే నేపథ్యం వెనకాల ఉన్నదాన్ని అప్పటికప్పుడు బ్లర్ చేసి చూపిస్తుంది. మైకా మాత్రం వాల్‌పేపర్‌ని ఒక్కసారి చదివి ఆ రంగు ఛాయని విండో నేపథ్యానికి పూసేస్తుంది, వెనక ఏం కదిలినా దానికి పట్టదు. చూసేవాళ్ళకి తమ వాల్‌పేపర్‌తో కలిసిపోయిన విండో దొరుకుతుంది, మెషీన్‌కి ప్రతి ఫ్రేమ్‌కీ చాకిరీ తప్పుతుంది. ఇంకా మంచి విషయం, బ్యాటరీ సేవర్ ఆన్ అయితే ఇవి రెండూ వాటంతట అవే మామూలు రంగుకి మారిపోతాయి. ఎవర్నీ ఏమీ అడగలేదు, సెట్టింగ్ పేజీలో కొత్త బటన్ చేరలేదు, సాఫ్ట్‌వేర్‌కే తెలిసిన విషయాన్ని సాఫ్ట్‌వేరే చూసుకుంది. సెట్టింగు పెట్టే ముందు డిజైనర్లు మొదట అడగాల్సింది ఇదే, ఈ జవాబు మెషీన్‌కే తెలుసా అని. తెలిసినప్పుడు మనిషిని అడగడం ఎందుకు?

మెషీన్ ఖర్చు ఒక ఎత్తు అయితే మనిషి టైము ఇంకో ఎత్తు, ఇందులో అసలు తిరకాసు చాలామంది చెప్పే చోట లేదు. ఒక విండో నుంచి ఇంకో విండోకి మారేటప్పుడు 250 మిల్లీ సెకన్ల యానిమేషన్ ఉందనుకుందాం, రోజుకి 400 సార్లు మారతారు అనుకున్నా మొత్తం 100 సెకన్లు. దానికే కొంప మునిగిపోదు. మరి జనం ఎందుకు చిరాకు పడతారంటే, ఆ 250 మిల్లీ సెకన్లు చెయ్యి ఆగాల్సి వస్తోంది కాబట్టి. పదో వంతు సెకనులోపు స్పందన వస్తే మనిషికి వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని ఇంటర్‌ఫేస్ డిజైన్‌లో దశాబ్దాలుగా వాడుతున్న కొలత. అది దాటాక ఆలోచన తెగడం మొదలవుతుంది. పని తెలిసిన చేతులు మెనూ పూర్తిగా తెరుచుకునేదాకా ఆగవు, షార్ట్‌కట్ కొట్టిన వెంటనే టైప్ చెయ్యడం మొదలెట్టేస్తాయి, ఆ అక్షరాలు యానిమేషన్ అయ్యేదాకా మింగేసే సాఫ్ట్‌వేర్ ఉంటే అది అందం కోసం పనిని ఆపినట్టే. ఒకే తెర మీద మార్చుకుంటూ వాడే నాలుగు డెస్క్‌టాప్‌లలో మొదటిదాని నుంచి నాలుగోదానికి మూడుసార్లు టకటకా కొడితే, మూడు జారుళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా చూపించే డిజైనూ ఉంది, రెండో దెబ్బ పడగానే మొదటి జారుడు వదిలేసి నేరుగా గమ్యానికి పోయే డిజైనూ ఉంది. రెండిట్లో యానిమేషన్ నిడివి ఒకటే ఉండొచ్చు, కానీ వాడేవాళ్ళకి ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా అనిపిస్తుంది. కాబట్టి వేగం తగ్గించే స్లైడర్ ఇచ్చే ముందు, మధ్యలో తెంపితే తెగే యానిమేషన్ రాయడం ముఖ్యం. ఎఫెక్ట్ నడుస్తున్నా కీబోర్డూ మౌసూ ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలి.

ఇంకో విషయం ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. అదే మనిషికి అదే ఎఫెక్ట్ మొదటి రోజు పాఠం, వందో రోజు అడ్డం. విండో ఎక్కడికి పోయిందో చూపించిన ఆ జీనీ ఎఫెక్ట్‌నే తీసుకుంటే, మొదటి వారం అది గురువు, ఆ తర్వాత దాని కబురు పాతబడిపోయింది, విండో ఎక్కడుందో చూడకుండానే తెలుసు. మాక్‌లో దాని బదులు స్కేల్ అనే సింపుల్ ఎఫెక్ట్ ఎంచుకునే సెట్టింగు ఎప్పట్నుంచో ఉంది, అది ఉండటానికి కారణం లోకో భిన్న రుచి ఒక్కటే అనుకుంటే సగమే చూసినట్టు. అనుభవం పెరిగేకొద్దీ ఒకే మనిషి అవసరం మారిపోతుంది, సెట్టింగు ఆ మార్పుకి దారి ఇస్తుంది. అయితే పాతబడని ఎఫెక్ట్స్ కూడా ఉంటాయి. 2003లో మాక్‌లో వచ్చిన ఎక్స్‌పోజే చూడండి, తెరిచిన విండోలన్నీ చిన్నవై పక్కపక్కన పరుచుకుంటాయి, అక్కడ ఆ కదలికే పని, ఏ విండో ఎక్కడినుంచి వచ్చిందో కన్ను పట్టుకుంటుంది కాబట్టి వెతకడం తేలికవుతుంది. విస్టాలో ఫ్లిప్ త్రీడీ అని విండోలని పేకముక్కల్లా ఏటవాలుగా నిలబెట్టి తిప్పే ఎఫెక్ట్ పెట్టారు, కానీ అందులో ముందున్న విండో వెనకున్నదాన్ని సగం కప్పేసేది, కావాల్సింది దొరకాలంటే ఒక్కోటీ తిప్పుకుంటూ పోవాలి, విండోస్ 8 వచ్చేసరికి తీసేశారు. ఎక్స్‌పోజే ఆలోచన మాత్రం ఇప్పుడు దాదాపు ప్రతి డెస్క్‌టాప్‌లో ఏదో ఒక పేరుతో ఉంది.

ఇక సెట్టింగుల ఖర్చు. ఎఫెక్ట్ ఖర్చు వాడేవాళ్ళ మెషీన్ మీద పడుతుంది, సెట్టింగు ఖర్చు మాత్రం మొదట తయారుచేసేవాళ్ళ మీద పడుతుంది, తర్వాత మెల్లగా అందరి మీదా పడుతుంది. ఆన్ ఆఫ్ బటన్లు 10 ఉంటే వాటి కలయికలు 1,024. బటన్లు 20 అయితే 10,48,576. అన్ని కలయికలు ఎవరూ టెస్ట్ చెయ్యలేరు, కాబట్టి మూలన ఉన్న ఏదో ఒక సెట్టింగు ఇంకో మూలనున్న సెట్టింగుతో కలిసినప్పుడు మాత్రమే వచ్చే బగ్గులు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. 2002 ప్రాంతంలో గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ డెవలపర్ హావోక్ పెన్నింగ్‌టన్ ఈ వాదనే గట్టిగా వినిపించారు, ప్రతి ప్రిఫరెన్స్‌కీ ఒక ధర ఉంది, చాలా ప్రిఫరెన్సులు నిజానికి డెవలపర్లు తేల్చుకోలేక వాడేవాళ్ళ నెత్తిన పెట్టినవి, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచెయ్యాలా అని అడిగే సెట్టింగు ఉందంటే అది సెట్టింగు కాదు, సరిచెయ్యని బగ్గు అని. గ్నోమ్ 2 ఆ దారిలోనే వచ్చింది. ఆ వాదనలో చాలా నిజం ఉంది, ఇప్పటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్లలో సెట్టింగ్ పేజీ అంటే టీమ్ మీటింగులో తెగని పంచాయితీల చిట్టానే.

కానీ అదే వాదన ఇంకాస్త ముందుకి పోతే ఏమవుతుందో 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 చూపించింది. విండోల మీద మినిమైజ్, మ్యాక్సిమైజ్ బటన్లు డిఫాల్ట్‌గా తీసేశారు. మెనూలో సస్పెండ్ (కంప్యూటర్‌ని నిద్రపుచ్చడం) మాత్రమే కనిపించేది, ఆల్ట్ కీ నొక్కి పట్టుకుంటేనే పవర్ ఆఫ్ అని మారేది. కంప్యూటర్ ఎలా ఆపాలో కూడా వెతుక్కోవాల్సి రావడం చిన్న విషయం కాదు. లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ లాంటివాళ్ళు బహిరంగంగానే విసుక్కుని ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారిపోయారు, పాత గ్నోమ్ 2 కోడ్ పట్టుకుని మాతే అని ఒక డెస్క్‌టాప్, లినక్స్ మింట్ వాళ్ళ దగ్గర సిన్నమన్ అని ఇంకోటి పుట్టాయి. పవర్ ఆఫ్‌ని తర్వాత వెర్షన్లలో మళ్ళీ బయటకి తెచ్చారు. ఇక్కడ తేలేది ఏంటంటే, సెట్టింగు తీసెయ్యడం తప్పు కాదు కానీ తీసేసిన క్షణం నుంచి ఆ డిఫాల్ట్ ఎంత సరైనదో అన్న భారమంతా డిజైనర్ల మీద పడుతుంది, వాడేవాళ్ళకి తప్పించుకునే దారి లేదు కాబట్టి.

పైగా తీసేసిన కోరిక ఆవిరైపోదు, ఇంకో దారిలో తిరిగి వస్తుంది. గ్నోమ్‌లో అది ట్వీక్స్ అనే విడి యాప్ గానూ ఎక్స్‌టెన్షన్ల గానూ వచ్చింది. కావాల్సినవాళ్ళు ఎక్స్‌టెన్షన్ వేసుకుంటారు, మిగతావాళ్ళ సెట్టింగ్ పేజీ శుభ్రంగా ఉంటుంది, వినడానికి ఇది చక్కటి ఏర్పాటు. కానీ ఆ ఎక్స్‌టెన్షన్లు గ్నోమ్ షెల్ లోపలి కోడ్‌నే పట్టుకుని నడుస్తాయి, లోపల ఏదైనా మారితే ఇవి విరుగుతాయి, 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు మాడ్యూల్స్ లోడ్ చేసే పద్ధతే మారిపోవడంతో పాత ఎక్స్‌టెన్షన్లన్నీ తిరిగి సవరించాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కి కూడా ఇదే కథ జరిగింది, బ్రౌజర్‌లో ఏ మూలనైనా మార్చగలిగే పాత రకం యాడ్ఆన్లని 2017 నవంబర్‌లో 57వ వెర్షన్‌తో ఆపేశారు, అంత స్వేచ్ఛ ఉన్నంతకాలం లోపలి కోడ్ మార్చడం కష్టమైపోయింది మరి. బయటివాళ్ళు పట్టుకుని వేలాడే ప్రతి కొక్కెమూ లోపలివాళ్ళకి కదపలేని స్తంభం అవుతుంది. ఆ కొక్కేలు ముందే ఎంచి, ఇవి మాత్రం కదలవు అని మాట ఇచ్చి పెడితే ఇద్దరికీ మంచిది.

థీముల విషయంలో గ్నోమ్ చివరికి చేరుకున్న చోటు ఆసక్తిగా ఉంటుంది. ఎవరో రాసిన థీమ్ వేస్తే ఒక యాప్‌లో తెల్ల అక్షరాలు తెల్ల నేపథ్యం మీద పడి కనిపించకుండా పోతాయి, ఆ బగ్ రిపోర్టు మాత్రం యాప్ రాసినవాళ్ళకి వస్తుంది. 2022లో గ్నోమ్ 42తో యాప్‌ల రూపాన్ని తీర్చే లిబ్అడ్వైటా లైబ్రరీ వచ్చాక ఆ పాత రకం థీములకి దాదాపు తలుపు మూసేశారు, దాని మీద చాలామంది మండిపడ్డారు, తమ డెస్క్‌టాప్ రంగు తాము మార్చుకోలేకపోవడం ఏంటని. ఆ కోపం న్యాయమైనదే. 2024లో గ్నోమ్ 47లో యాక్సెంట్ కలర్స్ (బటన్ల లాంటివి ఎత్తి చూపే రంగులు) పెట్టారు, తొమ్మిది రంగులు, అంతే. పూర్తి స్వేచ్ఛ కోరేవాళ్ళకి ఇది తక్కువే, కానీ ఆ తొమ్మిదిట్లో ఏది ఎంచుకున్నా అక్షరాలు చదవగలిగేలా ఉంటాయో లేదో ముందే చూసుకోవచ్చు. హద్దులున్న ఎంపిక అంటే ఇదే, వాడేవాళ్ళకి తమది అనే భావం వస్తుంది, టెస్ట్ చేసేవాళ్ళకి తొమ్మిదిసార్లు చూస్తే సరిపోతుంది.

కేడీఈ వాళ్ళది దీనికి ఎదురు దారి. మొదట సింపుల్‌గా, అవసరమైతే పవర్‌ఫుల్‌గా అన్నది వాళ్ళ మాట. వాళ్ళ డెస్క్‌టాప్ ప్లాస్మాలో ఎఫెక్ట్స్ పేజీ తెరిస్తే ఊగే విండోల దగ్గర్నుంచి చాలా పెద్ద జాబితా ఉంటుంది, ఒక్కోదానికీ మళ్ళీ లోపల సెట్టింగులు. చూస్తే భయం వేసే మాట నిజమే, కానీ వాళ్ళు చేసిన ఒక పని మిగతా అందరూ నేర్చుకోవాల్సింది, యానిమేషన్ వేగానికి మొత్తానికి ఒకే స్లైడర్. ఒక చివర మెల్లగా, ఇంకో చివర వెంటనే, అది జరిపితే అన్ని యానిమేషన్లూ ఆ లెక్కలోనే నడుస్తాయి. నలభై ఎఫెక్ట్స్‌కి నలభై టైములు సెట్ చేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు, అందరికీ ఉన్న అసలు కోరిక కాస్త త్వరగా కానివ్వండి అన్నదే, దానికి ఒక్క స్లైడర్ చాలు. అయినా జాబితా పెద్దదైతే దాన్ని పోషించే ఖర్చు ఉండనే ఉంది. డెస్క్‌టాప్‌లని క్యూబ్ మీద తిప్పే ఎఫెక్ట్‌ని ప్లాస్మా 5 కాలంలో తీసెయ్యాల్సి వచ్చింది, 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6తో మళ్ళీ కొత్తగా రాసి తెచ్చారు. దాని కోసం ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఎవరో కూర్చుని రాశారు, సరదా కూడా ఒక అవసరమే అని ఒప్పుకోవాలి. ప్రతిరోజూ గంటల తరబడి చూసే తెర మీద మనసుకి నచ్చింది ఒకటి ఉండాలనుకోవడంలో తప్పేముంది.

పొరలు పొరలుగా ఇవ్వడం ఎలాగో 2007 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు లినక్స్ 7.10 బాగా చూపించింది. గ్రాఫిక్స్ కార్డు తట్టుకుంటే కాంపిజ్ డిఫాల్ట్‌గా ఆన్ అయ్యేది, రూపం మార్చుకునే చోట మాత్రం మూడే మూడు ఎంపికలు: ఏమీ వద్దు, మామూలుగా, ఎక్కువగా. ఎక్కువమంది ఆ మూడిట్లో ఒకటి ఎంచుకుని వాళ్ళ పని చూసుకున్నారు. లోపలికి వెళ్ళాలనుకునేవాళ్ళు కాంపిజ్ కాన్ఫిగ్ సెట్టింగ్స్ మేనేజర్ అనే విడి టూల్ వేసుకునేవాళ్ళు, అందులో క్యూబ్ ఎంత వేగంగా తిరగాలి, విండో ఎంత ఊగాలి, అన్నీ ఉండేవి. తలుపు రెండు చోట్ల పెట్టడం బాగుంది కానీ లోపలి తలుపు వెనక కాపలా లేదు. విండో డెకరేషన్ అనే టిక్ తీసేస్తే టైటిల్ బార్లన్నీ మాయం, విండో మూసే బటన్ కూడా ఉండదు. 2011 నుంచి ఉబుంటు వాళ్ళ యూనిటీ డెస్క్‌టాప్ ఆ కాంపిజ్ మీదే ప్లగిన్‌గా నడిచింది కాబట్టి ఆ యూనిటీ ప్లగిన్ టిక్ ఒక్కటి తీస్తే ప్యానెల్, లాంచర్ అంతా పోయేది, వెనక్కి రావాలంటే టెర్మినల్‌లో కమాండ్ కొట్టాలి, ఆ టెర్మినల్ తెరవడానికి లాంచర్ లేదు. నీడ ఎంత ముదురుగా ఉండాలి అనే ఎంపికా, డెస్క్‌టాప్ ఉండాలా వద్దా అనే ఎంపికా ఒకే రకం టిక్ బాక్సుగా పక్కపక్కన ఉండటమే అక్కడ జరిగిన తప్పు.

ఇలా కలపకూడనివి కలపడం విండోస్‌లో కూడా ఎక్స్‌పీ రోజుల నుంచి ఉంది. పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో విజువల్ ఎఫెక్ట్స్ జాబితా తెరిచి బెస్ట్ పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే అన్ని టిక్కులూ పోతాయి, వాటిల్లో అక్షరాల అంచులు నున్నగా చూపించే టిక్ కూడా ఒకటి. మెనూ జారుడు ఆపుదామని వెళ్ళినవాళ్ళకి అక్షరాలు గరుగ్గా, చదవడానికి కష్టంగా తయారవుతాయి, ఎందుకు ఇలా అయ్యిందో కూడా చాలామందికి తెలియదు. మెనూ జారడం అలంకారం, అక్షరం స్పష్టంగా ఉండటం చదివే అవసరం, రెండూ గ్రాఫిక్స్ కోడ్‌లో పక్కపక్కనే ఉన్నాయని సెట్టింగ్ పేజీలో కూడా పక్కపక్కన పెట్టేశారు. సెట్టింగులని కోడ్ ఉన్న వరసలో కాకుండా మనిషి అవసరం వరసలో పెట్టాలి.

అవసరం అనే మాట అసలు బరువు తెలిసేది ఆరోగ్యం దగ్గర. లోపలి చెవిలో సమతుల్యత దెబ్బతిన్నవాళ్ళకి పెద్ద పెద్ద జూమ్‌లు, పారలాక్స్ కదలికలు (ముందున్నవీ వెనకున్నవీ వేరువేరు వేగంతో జరగడం) చూస్తే తల తిరుగుతుంది, వికారం వస్తుంది. 2013లో ఐఓఎస్ 7 జూమ్ యానిమేషన్లతో ఇది చాలామందికి అనుభవమైంది, దాని తర్వాతే రిడ్యూస్ మోషన్ అనే సెట్టింగుకి అంత ప్రాధాన్యం వచ్చింది. తర్వాత మాక్‌కీ వచ్చింది, విండోస్‌లో యానిమేషన్ ఎఫెక్ట్స్ అని టాగుల్ ఉంది, 2017 నుంచి బ్రౌజర్లు కూడా ఈ కోరికని వెబ్ పేజీలకి తెలియజేస్తున్నాయి. ఈ సెట్టింగు రూపం గమనిస్తే చాలా విషయాలు తెలుస్తాయి. ఇది ఏ ఎఫెక్ట్ కావాలి అని అడగదు, నీకు కదలిక పడదా అని అడుగుతుంది. ఒక్కచోట చెప్తే చాలు, అన్ని యాప్‌లూ విని పాటించాలి. ఇంకోటి, తగ్గించడం అంటే మొత్తం పీకెయ్యడం కాదు, జారుడు బదులు ఒక బొమ్మ కరిగి ఇంకోటి రావడం చూపిస్తారు, ఏదో మారింది అన్న కబురు అందుతుంది, కడుపులో తిప్పే కదలిక మాత్రం పోతుంది. మొదట చెప్పుకున్నట్టు ఎఫెక్ట్‌లో కబురేదో షోకేదో విడదీసి చూసినవాళ్ళే ఇలా చెయ్యగలరు. ఆపేస్తే విండో ఎక్కడికి పోయిందో కూడా తెలియకుండా పోయే డిజైన్ రిడ్యూస్ మోషన్ పెట్టినవాళ్ళని శిక్షిస్తున్నట్టు లెక్క.

పారదర్శకత దగ్గర పరిశ్రమ ఒకే పాఠం రెండుసార్లు చదివింది. విస్టా ఏరో గ్లాస్‌లో రంగు, దాని గాఢత మార్చుకునే స్లైడర్, పారదర్శకత ఆపేసే టిక్ మొదటి రోజు నుంచే ఉన్నాయి. 2025లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ అని అన్ని సిస్టంలకీ గాజు రూపం తెచ్చింది, మాక్‌లో అది టాహో అనే 26వ వెర్షన్. వెనక ఉన్న బొమ్మని బట్టి పైన ఉన్న అక్షరాలు కొన్నిచోట్ల చదవలేకుండా ఉన్నాయని ఫిర్యాదులొచ్చాయి, ఆ తర్వాత 26.1లో గాజుని కాస్త మసకగా చేసుకునే ఎంపిక ఇచ్చారు. రిడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ అంతకుముందే ఉంది కానీ అది చూపు అవసరం ఉన్నవాళ్ళ కోసం యాక్సెసిబిలిటీ పేజీలో ఉండే సెట్టింగు. వెనక ఏముంటుందో డిజైనర్‌కి తెలియదు, ఆ వాల్‌పేపర్ ఎవరిదో, ఆ విండో ఏదో, కాబట్టి గాజు వేసేటప్పుడు గాఢత సెట్టింగు అలంకారం కాదు, ఆ ఎఫెక్ట్‌లో భాగమే. డిజైనర్ స్టూడియోలో ఎంచిన నాలుగు వాల్‌పేపర్ల మీద బాగున్నంత మాత్రాన తేలేది ఏమీ లేదు.

పూర్తిగా లోతుకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళని చిన్నచూపు చూడకూడదు. 2022లో వచ్చిన హైపర్‌ల్యాండ్ లాంటి వేలాండ్ కంపోజిటర్లలో యానిమేషన్ ఏ బెజియర్ వంపులో నడవాలో, అంటే ఎక్కడ వేగంగా ఎక్కడ మెల్లగా కదలాలో కూడా టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోవచ్చు, జనం ఆ ఫైళ్ళని ఒకరికొకరు ఇచ్చుకుంటారు, పాత వెర్షన్లు దాచుకుంటారు, ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. వంద సెట్టింగులు స్క్రీన్ మీద పరిస్తే గందరగోళం, అవే వంద ఒక ఫైల్‌లో ఉంటే వెనక్కి వెళ్ళే దారి ఆ ఫైల్‌లోనే ఉంటుంది. స్క్రీన్ మీద ఇచ్చే సెట్టింగులకి ఈ వెనక్కి వెళ్ళే దారి చాలాచోట్ల ఉండదు. కేడీఈ 2020లో ప్లాస్మా 5.20తో మారిన సెట్టింగులని హైలైట్ చేసి చూపించే బటన్ పెట్టింది, ఎక్కడ చెయ్యి పెట్టామో మర్చిపోయినవాళ్ళకి అది ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు, మిగతా డెస్క్‌టాప్‌లలో అలాంటిది ఇంకా మామూలు విషయం కాలేదు.

విండోస్‌లో స్క్రీన్ రిజల్యూషన్ మారిస్తే ఒక చిన్న పెట్టె వస్తుంది, ఈ మార్పు ఉంచాలా అని అడుగుతూ 15 సెకన్లు లెక్కపెడుతుంది, ఎవరూ ఏమీ నొక్కకపోతే పాతదానికి తనే వెళ్ళిపోతుంది. స్క్రీన్ నల్లగా అయిపోతే బటన్ ఎలాగూ కనిపించదని ముందే ఊహించి చేసిన పని అది. టైటిల్ బార్ మాయం చేసే టిక్‌కీ, ప్యానెల్ ఎగిరిపోయే ప్లగిన్‌కీ, అక్షరాలు కనిపించకుండా చేసే థీమ్‌కీ అదే పెట్టె పెట్టొచ్చు, టెక్నికల్‌గా అందులో కష్టం ఏమీ లేదు. అది ఉంటే దాచిపెట్టిన సెట్టింగుల్లో సగం ధైర్యంగా బయట పెట్టొచ్చు, ఎందుకంటే వాటిని దాచడానికి చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే, జనం పాడుచేసుకుంటారని.